తెలుగు సాహిత్య పరిశోధనలో ఆకరాలను సూచించడం ఎలా?

సిద్ధాంత వ్యాసం చేతికి రాగానే ముందు చివరి పుటలు తిప్పి ఉపయుక్త గ్రంథసూచి చూసే పరీక్షకులు ఉంటారు. అక్కడ “గురజాడ అప్పారావు, కన్యాశుల్కం, విజయవాడ” అని మాత్రమే రాసి ఊరుకున్న పద్దు కనబడితే, పరిశోధకుడు ఏ పుస్తకం చదివాడో తనకే స్పష్టంగా తెలియదని వారికి అర్థమైపోతుంది. కన్యాశుల్కం ఒకటి కాదు, రెండు. 1892లో విజయనగరంలో ప్రదర్శనకెక్కి 1897లో అచ్చయిన నాటకం ఒకటి, దాన్నే గురజాడ చాలావరకు తిరగరాసి, పెంచి 1909లో వెలువరించిన నాటకం మరొకటి. ఈనాడు బజారులో దొరికే ప్రతులన్నీ దాదాపుగా రెండోదానికి పునర్ముద్రణలే. మధురవాణి పాత్ర గురించి వాదించే వ్యాసం ఏ కూర్పును ఆధారం చేసుకున్నదో చెప్పకపోతే, ఆ వాదాన్ని ఒప్పుకోవడానికి గాని కాదనడానికి గాని చదువరికి వీలుండదు.

ఆకరాన్ని, అంటే సమాచారం తీసుకున్న మూలాన్ని, సూచించడమంటే, మీరు చూసిన పుటను మరొకరు కూడా తెరిచి చూడగలిగేలా దారి చెప్పడం. మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ వారి కరదీపిక (2021లో వచ్చిన 9వ కూర్పు) గాని, షికాగో మాన్యువల్ (2024లో వచ్చిన 18వ కూర్పు) గాని ఆ దారిని ఒక పద్ధతి ప్రకారం రాయడమెలాగో నేర్పుతాయి. కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అన్న ప్రశ్నలకు వాటిలో జవాబులున్నాయి. అయితే ఇంటిపేరు ముందుండే పేర్లు, సంవత్సరానికి బదులు ప్రభవ విభవాది నామాలు వేసిన ముఖపత్రాలు, ఆశ్వాసాలు, గద్యపద్యాల సంఖ్యలు, తాళపత్రాలు, జానపద గాయకుల మాటలు తెలుగు పరిశోధకుడికి నిత్యం ఎదురవుతాయి. వీటికి ఆ పుస్తకాల్లో సిద్ధంగా ఉన్న సూత్రం తక్కువ. అందువల్ల ఇక్కడ కామాల సంగతి క్లుప్తంగా ముగించి, ఈ చిక్కుల గురించే ఎక్కువగా చెబుతాను.

పుస్తకం చేతిలో ఉన్నప్పుడే

వివరాలు రాసుకోవలసిన సమయం పుస్తకం గ్రంథాలయంలో మీ ముందు ఉన్నప్పుడు, వ్యాసం పూర్తయ్యాక కాదు. అట్టమీది పేరును నమ్మకుండా లోపలి ముఖపత్రాన్ని, దాని వెనుక పుటను చూడండి. రచయిత పేరు, గ్రంథం పేరు, ఉపశీర్షిక, సంపాదకుడు లేదా పరిష్కర్త, ప్రచురణ సంస్థ, ఊరు, ముద్రణ సంఖ్య, సంవత్సరం, సంపుటాలుంటే ఎన్నో సంపుటమన్నది రాసుకోవాలి. ఫోనుతో ఆ రెండు పుటలనూ ఫొటో తీసి పెట్టుకోవడం అన్నిటికన్నా మేలైన అలవాటు. ఏ గ్రంథాలయంలోని ప్రతి అన్నది కూడా మీ నోటు పుస్తకంలో ఉండాలి. అచ్చులో దాన్ని వాడకపోయినా, పుట సంఖ్య మళ్లీ సరిచూసుకోవలసి వచ్చినప్పుడు అదే ఆదుకుంటుంది.

తెలుగు ప్రచురణకర్తలు మార్పులేమీ లేని పునర్ముద్రణను కూడా “ద్వితీయ ముద్రణ”, “తృతీయ ముద్రణ” అని వేస్తారు. రచయిత దిద్ది పెంచిన కొత్త కూర్పును కూడా అలాగే వేస్తారు. ఈ రెంటిలో మీ ప్రతి ఏదో తేల్చుకోవాలంటే ముందుమాటలు చదవక తప్పదు. కొత్త కూర్పయితే ఆ మాటను పద్దులో చేర్చండి. కేవలం పునర్ముద్రణ అయితే మొదటి ప్రచురణ సంవత్సరాన్ని, మీ ప్రతి సంవత్సరాన్ని రెండింటినీ ఇవ్వండి. శ్రీశ్రీ మహాప్రస్థానం పుస్తకంగా 1950లో వచ్చింది, అందులోని గీతాలు చాలావరకు 1930ల నాటివి. ఏదో 1990ల నాటి ముద్రణను పట్టుకుని బ్రాకెట్లో ఆ సంవత్సరం ఒక్కటే వేస్తే, అభ్యుదయ కవిత్వ పరిణామాన్ని చర్చించే అధ్యాయంలో కాలక్రమమంతా తలకిందులవుతుంది. రచనాకాలం, తొలి ప్రచురణ, చదివిన ప్రతి అన్న మూడూ వేర్వేరు సంగతులు. వాదానికి ఏది అవసరమో అది పాఠంలో, ప్రతి వివరం పద్దులో ఉండాలి.

పాత పుస్తకాలు కొన్నింటిలో క్రీస్తు శకం కనబడదు. “సౌమ్య సంవత్సరం” అని మాత్రమే ఉంటుంది. అరవై ఏళ్లకు అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి సౌమ్య 1909 కావచ్చు, 1969 కావచ్చు. కాగితం, అచ్చు తీరు, ప్రెస్సు పేరు, పీఠికలో ప్రస్తావనకు వచ్చే మనుషులు ఏ ఆవృత్తమో చెబుతారు. తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది గనుక, జనవరి నుంచి ఉగాది వరకు వచ్చిన సంచికల విషయంలో ఒక ఏడాది తేడా పడుతుంది. 1924 జనవరిలో మొదలైన భారతి పత్రిక తొలి సంచిక రుధిరోద్గారి నామ సంవత్సరానిదే, అయితే ఆ రుధిరోద్గారి మొదలైంది మాత్రం 1923 ఉగాదికి. శక సంవత్సరం ఇచ్చిన చోట 78 కలపాలి, ఏడాది చివరి నెలలైతే 79. ఇలా లెక్కవేసి తేల్చిన సంవత్సరాన్ని చదరపు బ్రాకెట్లో పెట్టి, పక్కన పుస్తకంలో ఉన్న పేరును ఉన్నట్టుగా ఇవ్వండి: సౌమ్య [1909–10]. బ్రాకెట్టు ఉంటే అది మీ లెక్క అనీ, పుస్తకం చెప్పిన మాట కాదనీ తెలుస్తుంది.

ఊళ్ల పేర్లు, సంస్థల పేర్లు ముఖపత్రం మీద ఉన్నట్టే రాయాలి. చెన్నపురి అని ఉంటే చెన్నపురి, బెజవాడ అని ఉంటే బెజవాడ, బందరు అని ఉంటే బందరు. పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం పేరుతో వచ్చిన గ్రంథానికి, హైదరాబాదులోని ఆ సంస్థకు తర్వాత పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి పేరును తగిలించకూడదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1983లో రద్దయింది, కానీ దాని ప్రచురణలు దాని పేరుతోనే ఉంటాయి.

పేర్లు

పాశ్చాత్య పద్ధతిలో ఇంటిపేరు ముందుకు తెచ్చి, కామా పెట్టి, సొంతపేరు వెనక్కి పంపుతారు. వారి మామూలు వరుసలో ఇంటిపేరు చివర ఉంటుంది కాబట్టి వారికి ఆ తిప్పుడు అవసరం. విశ్వనాథ సత్యనారాయణలో విశ్వనాథ ముందే ఉంది. కామా పెట్టి “సత్యనారాయణ, విశ్వనాథ” అని తిప్పడం అర్థంలేని పని, “విశ్వనాథ, సత్యనారాయణ” అని కామా పెట్టడమూ అంతే. చైనీయుల పేర్ల విషయంలో ఆ కరదీపికలే కామా వద్దంటాయి. మనకూ అదే న్యాయం. గ్రంథసూచి తయారుచేసే జొటెరో వంటి సాఫ్ట్‌వేర్ వాడేవారు తెలుగు పేరును రెండు గడుల్లో విడగొట్టకుండా ఒకే గడిలో నింపే ఎంపిక చేసుకుంటే ఈ బెడద ఉండదు.

అసలు చిక్కు పొడి అక్షరాలతోనూ కలం పేర్లతోనూ వస్తుంది. ఒకే రచయిత ఒక పుస్తకం మీద సి. నారాయణరెడ్డి, మరో వ్యాసం కింద సి.నా.రె., ఇంకోచోట సింగిరెడ్డి నారాయణరెడ్డి. ఒకే మనిషి గ్రంథసూచిలో మూడు చోట్ల కనబడకుండా ఒక రూపాన్ని ప్రధానంగా ఎంచుకుని, మిగిలినవాటి దగ్గర “చూ.” (చూడండి) అని అక్కడికి పంపాలి. కలం పేరే లోకప్రసిద్ధమైతే దాన్నే ఉంచండి. శ్రీశ్రీని శ్రీరంగం శ్రీనివాసరావు కింద, ఆరుద్రను భాగవతుల సదాశివ శంకరశాస్త్రి కింద వెతికేవారెవరూ ఉండరు. అసలు పేరును చదరపు బ్రాకెట్లో చేరిస్తే చాలు.

ఇంగ్లిషు ప్రచురణల్లో తెలుగువారి పేర్లు ఎలా విరుగుతాయో కూడా గమనించాలి. వెల్చేరు నారాయణరావు పేరు కొన్ని సూచికల్లో “రావు” కింద, కొన్నింటిలో “నారాయణరావు” కింద కనిపిస్తుంది. ఆయన ఇంగ్లిషు పుస్తకాన్ని పేర్కొనేటప్పుడు ముఖపత్రం మీది రూపాన్ని మార్చకండి, తెలుగు పుస్తకాన్ని తెలుగు వరుసలోనే పెట్టండి. ఇంగ్లిషు గ్రంథాల పద్దులను ఇంగ్లిషు లిపిలోనే వేరే భాగంగా ఇవ్వడం మంచిది. వాటిని తెలుగు లిపిలోకి మార్చితే గ్రంథాలయ సూచికలో వెతికేవారికి ఆ పేరు దొరకదు.

డాక్టరు, ఆచార్య, శ్రీ, శ్రీమతి, గారు, కవిసామ్రాట్, కళాప్రపూర్ణ వంటివి పద్దులోనూ పాదసూచికలోనూ ఉండకూడదు. మన గురువులను ఉత్త పేరుతో రాయడానికి చేయి రాదు, నిజమే. ఆ గౌరవాన్ని కృతజ్ఞతల పుటలో చూపించుకోవచ్చు.

పద్యాన్ని ఉటంకించడం

ప్రాచీన కావ్యాలకు పుట సంఖ్య చాలదు, అసలు ముఖ్యం కూడా కాదు. భారతానికి పర్వం, ఆశ్వాసం, గద్యపద్య సంఖ్య, భాగవతానికి స్కంధం, గద్యపద్య సంఖ్య, ప్రబంధాలకు ఆశ్వాసం, సంఖ్య ఇవ్వాలి. ఇలా ఇస్తే ఎవరి దగ్గర ఏ ప్రతి ఉన్నా పద్యం దొరుకుతుంది. అయితే వావిళ్ల వారి ప్రతిలోని సంఖ్యలకు, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి సంశోధిత ముద్రణలోని సంఖ్యలకు, తిరుమల తిరుపతి దేవస్థానం వారి సవ్యాఖ్యాన ముద్రణలోని సంఖ్యలకు అక్కడక్కడా తేడా పడుతుంది. ఒక ప్రతిలో ఉన్న పద్యం మరోదానిలో ప్రక్షిప్తమని, అంటే తర్వాత ఎవరో చేర్చినదని, పక్కకు పోతుంది. అందువల్ల వ్యాసం మొదట్లోనే, “భారత పద్యాల సంఖ్యలన్నీ ఫలానా ముద్రణను అనుసరించినవి” అని ఒక్క వాక్యం రాసి, తర్వాత అంతటా అదే ప్రతికి కట్టుబడి ఉండాలి. నచ్చిన పాఠం కోసం ఒక పద్యానికి ఒక ప్రతిని, మరో పద్యానికి ఇంకో ప్రతిని తీసుకుంటే ప్రతిసారీ చెప్పి తీరాలి.

కర్త పేరు వేసే ముందు ఆ భాగం నిజంగా ఎవరిదో చూడండి. పోతన భాగవతమని లోకం అంటున్నా పంచమ స్కంధం గంగనది, షష్ఠం సింగనది, ఏకాదశ ద్వాదశాలు నారయవి. సింగన పద్యాన్ని ఎత్తి “పోతన శైలి” అని వ్యాఖ్యానించిన వ్యాసాలు లేకపోలేదు. భారతంలో ఆరణ్యపర్వం చతుర్థాశ్వాసంలోని “శారదరాత్రులు” పద్యం దాకా నన్నయ, అక్కడి నుంచి ఎఱ్ఱన. ఆ పర్వం నుంచి పద్యం తీసుకున్నప్పుడు ఆశ్వాస సంఖ్య చూడకుండా కర్త పేరు వేయకూడదు. వేమన విషయంలో సంకటం మరో రకం. బ్రౌన్ 1829లో వేసిన సంకలనానికీ 1839లో వేసినదానికీ పద్యాల సంఖ్యలోనే పెద్ద తేడా ఉంది, తర్వాతి ప్రచురణలు మరిన్ని చేర్చాయి. అక్కడ సార్వత్రికమైన సంఖ్య లేదు కనుక ఏ సంకలనం, అందులో ఎన్నో పద్యం అని చెప్పడమొక్కటే మార్గం.

పద్యాన్ని రాసే తీరు చూద్దాం. గజేంద్రమోక్షంలోని సుప్రసిద్ధ మత్తేభం రెండు పాదాలను వాక్యంలో ఇమిడ్చి ఉటంకించాలంటే ఇలా ఉంటుంది: “అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా / పల మందారవనాంతరామృత సరః ప్రాంతేందు కాంతోపలో” (భాగ. 8-95). గీత “దా” తర్వాత పడింది. “దాపల” అన్న మాట మధ్యలో విరిగింది కదా అని దాన్ని సరిచేసి గీతను ముందుకో వెనక్కో జరిపితే రెండో పాదం రెండక్షరాలు పోగొట్టుకోవడమో ఒక అక్షరం పెంచుకోవడమో జరుగుతుంది, లకార ప్రాస స్థానం తప్పుతుంది. పాదం ఎక్కడ విరిగితే గీత అక్కడే. మూడు పాదాలకు మించితే, అంటే పద్యం మొత్తం ఇస్తే, కుడికి జరిపి విడిగా, పాదానికి ఒక పంక్తిగా, ముందు “మ.” అన్న ఛందస్సు గుర్తుతో వేయాలి. అప్పుడు ఉల్లేఖన చిహ్నాలు అక్కరలేదు. వచనమైతే నాలుగు పంక్తులు దాటినప్పుడు ఇలా విడగొట్టాలి.

మూలంలో అరసున్న ఉంటే అరసున్న, బండి ‘ఱ’ ఉంటే బండి ‘ఱ’ ఉంచాలి. ఆధునిక లిపిలోకి మార్చదలిస్తే మార్చినట్టు ఒకసారి చెప్పి, అన్నిచోట్లా మార్చాలి. మూలంలో అచ్చుతప్పు ఉంటే దిద్దకుండా పక్కన చదరపు బ్రాకెట్లో [యథాతథం] అని పెట్టండి. కొంత వదిలేస్తే మూడు చుక్కలు, మీ మాట చేర్చితే చదరపు బ్రాకెట్టు, ఒక పదాన్ని మీరు మందం చేస్తే “నొక్కు నాది” అన్న సూచన ఉండాలి. ఇంగ్లిషు నుంచి వాక్యాన్ని మీరే తెలుగు చేసి ఇచ్చినప్పుడు “అనువాదం నాది” అనడం మరవకండి. అది లేకపోతే, ఆ తెలుగు వాక్యం మూల రచయిత రాసిందే అనుకుంటారు.

పాదసూచికలా, బ్రాకెట్లా

చరిత్ర, శాసనాలు, జానపదం వంటివాటిపై పనిచేసేవారికి పాదసూచికలు వీలు, ఎందుకంటే ఆకరంతో పాటు రెండు మాటల వివరణ కూడా అక్కడ ఇమిడిపోతుంది. ఒకే కావ్యాన్నో నవలనో పట్టుకుని విమర్శ రాసేవారికి బ్రాకెట్లో పేరు, పుట ఇచ్చే పద్ధతి హాయి. మీ విశ్వవిద్యాలయం ఒకటి నిర్ణయించి ఉంటే చర్చ లేదు. లేకపోతే ఒకటి ఎంచుకుని చివరిదాకా నడపండి, రెండింటినీ కలపకండి.

పాదసూచికలో తొలిసారి పూర్తి వివరం ఇవ్వాలి: పింగళి లక్ష్మీకాంతం, ఆంధ్ర సాహిత్య చరిత్ర (హైదరాబాదు: ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, 1974), తర్వాత మీరు తీసుకున్న పుట. రెండోసారి నుంచి పింగళి లక్ష్మీకాంతం, ఆంధ్ర సాహిత్య చరిత్ర, పుట అంటే సరిపోతుంది. బ్రాకెట్ పద్ధతిలో అదే సూచన (పింగళి 112) వంటి రూపంలో ఉంటుంది, ఆ రచయితవి రెండు పుస్తకాలు వాడితే పేరు పక్కన గ్రంథనామం కూడా చేరుతుంది. ఇంటిపేరు ఒకటే అయిన ఇద్దరు రచయితలుంటే పేరంతా రాయాలి. “రెడ్డి 45”, “శాస్త్రి 60” వంటి సూచనలు మన సాహిత్యంలో ఎవరినీ గుర్తుపట్టించవు.

పాత సిద్ధాంత వ్యాసాల్లో “అదే”, “పైది”, “పూర్వోక్తం” అన్న మాటలు పుట నిండా ఉండేవి. చేతిరాత కాలంలో అవి శ్రమ తగ్గించాయి. ఈనాడు రాతప్రతిలో మధ్యన ఒక కొత్త సూచిక చేర్చగానే కింద ఉన్న “అదే” మరో పుస్తకానికి వెళ్లిపోతుంది, దాన్ని ఎవరూ గమనించరు. వీటిని పూర్తిగా మానుకుని, కుదించిన పేరు రాయడమే క్షేమమని నా అభిప్రాయం. షికాగో వారు కూడా కొన్నేళ్లుగా ఈ సలహానే ఇస్తున్నారు.

పుస్తకం లోపలి పుస్తకం

మహాప్రస్థానం ముందు చలం రాసిన యోగ్యతాపత్రం ఉంది. దానినుంచి వాక్యం తీసుకుని “శ్రీశ్రీ, మహాప్రస్థానం” అని పేర్కొంటే చలం మాట శ్రీశ్రీ నోట పెట్టినట్టవుతుంది. పద్దు చలం పేరుతో మొదలై, ‘యోగ్యతాపత్రం’ అన్న శీర్షికతో నడిచి, ఆ తర్వాత శ్రీశ్రీ మహాప్రస్థానం వివరాలకు రావాలి. పీఠికలకు, వ్యాససంకలనాల్లోని వ్యాసాలకు, ప్రత్యేక సంచికలకు అన్నిటికీ ఇదే క్రమం: ముందు మాట రాసినవారు, తర్వాత ఆ రచన, తర్వాత అది ఉన్న పుస్తకం, దాని సంపాదకుడు, మొదటి పుట నుంచి చివరి పుట దాకా. పీఠికలకు వేరే పుట సంఖ్యలుంటే అవే ఇచ్చి “పీఠిక” అని చేర్చండి, లేకపోతే మూలగ్రంథంలోని 12వ పుటతో పీఠికలోని 12వ పుట కలిసిపోతుంది.

అనువాదమైతే మూల రచయితతో పాటు అనువాదకుడి పేరు తప్పనిసరి. గోర్కీ ‘అమ్మ’ నవలలోని తెలుగు వాక్యాల గురించి మాట్లాడుతున్నప్పుడు ఆ వాక్యాలు క్రొవ్విడి లింగరాజువి. అనువాదకుడి శైలే మీ చర్చాంశమైతే ఆయన పేరుతోనే పద్దును మొదలుపెట్టవచ్చు.

పత్రికల విషయంలో సంపుటి, సంచిక, నెల, సంవత్సరం, పుటలు ఇవ్వాలి. దినపత్రికల సాహిత్య పుటలకు తేదీతో పాటు అనుబంధం పేరు (ఆంధ్రజ్యోతి సోమవారపు ‘వివిధ’ వంటివి) అవసరం. ఒకే తేదీన వేర్వేరు ఊళ్ల నుంచి వెలువడే ఎడిషన్లలో పుట సంఖ్య మారవచ్చు కనుక మీరు చూసింది ఏ ఎడిషనో కూడా చెప్పండి. పత్రికలో వచ్చిన వ్యాసం తర్వాత పుస్తకంలో చేరితే రచయిత దాన్ని దిద్ది ఉండవచ్చు. ఏది చదివితే దాన్నే పేర్కొనండి. నిఘంటువులకు పుటకన్నా ఆరోపం (అర్థం చెప్పిన మాట) ముఖ్యం: శబ్దరత్నాకరం, “దాపల” కింద, అంటే ఎవరైనా చూసుకుంటారు.

చూడనిదాన్ని చూసినట్టు రాయకూడదు

మన పరిశోధనలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం ఇది. ఆరుద్ర సమగ్ర ఆంధ్ర సాహిత్యంలో ఒక శాసన పాఠాన్ని ఉటంకిస్తారు. పరిశోధకుడు దాన్ని అక్కడి నుంచి ఎత్తుకుని, పాదసూచికలో ఆరుద్రను వదిలేసి నేరుగా శాసన పాఠాలను ప్రచురించిన ఎపిగ్రాఫియా ఇండికా పేరు వేస్తాడు. ఆరుద్ర పుస్తకంలో ఒక అచ్చుతప్పు ఉంటే అది కూడా యథాతథంగా దిగుమతి అవుతుంది, దానితో అసలు గుట్టు బయటపడుతుంది. మూలం దొరికితే మూలం చూసి మూలాన్నే పేర్కొనాలి. దొరకకపోతే “ఫలానా శాసనం, ఆరుద్ర, సమగ్ర ఆంధ్ర సాహిత్యం, ఇన్నో సంపుటం, ఇన్నో పుటలో ఉద్ధృతం” అని ఒప్పుకోవాలి. ఇందులో చిన్నతనమేమీ లేదు. గ్రంథసూచిలో మాత్రం మీరు చేతపట్టిన పుస్తకమే, అంటే ఆరుద్రదే ఉండాలి. ఆ సంపుటాలను కూడా వేర్వేరు ప్రచురణకర్తలు వేర్వేరు విభజనతో వేశారు గనుక ప్రచురణ చెప్పకుండా సంపుటం సంఖ్య ఒక్కటే ఇస్తే లాభం లేదు.

తెర మీద చదివిన పుస్తకం

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి చేరిన వేల తెలుగు పుస్తకాలున్నాయి. వాటి పేజీలో ఇచ్చిన రచయిత పేరు, సంవత్సరం చాలాసార్లు తప్పు. ఇంగ్లిషు లిపిలో ముక్కలైన పేర్లు, ముద్రణ సంవత్సరానికి బదులు మరేదో అంకె కనబడతాయి. అక్కడి నుంచి వివరాలు కాపీ చేయకుండా స్కాన్‌లోని ముఖపత్రాన్ని తెరిచి చూడండి. మీరు పేర్కొనేది ఆ అచ్చు పుస్తకాన్ని, స్కాన్ కేవలం మీరు చేరిన మార్గం. అందువల్ల పద్దు అచ్చు పుస్తకానిదిగానే ఉండి చివర ఆర్కైవ్ లంకె వస్తుంది. పుట సంఖ్య కాగితం మీద అచ్చయిన అంకె కావాలి, పిడిఎఫ్ చూపే అంకె కాదు. ముందు పుటలు, అట్టలు కలవడం వల్ల ఈ రెంటికీ పది ఇరవై తేడా ఉంటుంది.

ఆంధ్రభారతి, తెలుగు వికీసోర్స్ వంటి చోట్ల టైపు చేసిన పాఠం వెతకడానికి ఎంతో సౌకర్యం. పద్యం ఎక్కడుందో అక్కడ పట్టుకోండి, ఉటంకించే ముందు అచ్చు ప్రతితో అక్షరం అక్షరం పోల్చుకోండి. వికీసోర్స్‌లో చాలా పుస్తకాలకు స్కాన్ పక్కనే ఉంటుంది కనుక పోల్చడం సులువు. ఈమాట వంటి జాల పత్రికలకు పుటలుండవు. రచయిత, శీర్షిక, పత్రిక, నెల, సంవత్సరం, లంకె, మీరు చూసిన తేదీ సరిపోతాయి. లంకెను ముఖపుటకు గాక ఆ వ్యాసానికే ఇవ్వాలి.

శాసనం, తాళపత్రం, మనిషి నోటి మాట

శాసనాలను సంపుటం, శాసన సంఖ్యలతో సూచిస్తారు. దక్షిణ భారత శాసనాల 10వ సంపుటి (1948) పూర్తిగా తెలుగు శాసనాలదే. దానినుంచి తీసుకుంటే సంపుటి, సంఖ్య, పంక్తుల అంకెలు ఇచ్చి, శాసనం ఉన్న ఊరినీ కాలాన్నీ పాఠంలో చెప్పాలి. రాతప్రతులకు భాండాగారం పేరు, ఊరు, ప్రతి సంఖ్య, పత్రం సంఖ్య, ఆ పత్రానికి ఏ వైపు అన్నది ఇవ్వాలి. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ‘డి’ సంఖ్యలు, ‘ఆర్’ సంఖ్యలు వేర్వేరు వరుసలు కాబట్టి ఆ అక్షరం వదిలేస్తే అంకె ఒక్కటే పనికిరాదు.

జానపద గేయాన్నో ఒగ్గుకథనో మీరే సేకరించి ఉంటే పాడినవారి పేరు, వయసు, ఊరు, మండలం, జిల్లా, సేకరించిన తేదీ, సేకర్త పేరు, రికార్డు ఎక్కడ భద్రపరిచారన్నది రాయాలి. పేరు అచ్చులో వేయడానికి వారి అనుమతి ముందే తీసుకోవాలి. వద్దంటే వృత్తి, ఊరు చెప్పి ఊరుకోవాలి. వెనకటి సేకరణలను వాడేటప్పుడు జిల్లా పేరు విషయంలో జాగ్రత్త అవసరం. 1985 ప్రాంతాల్లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మూలంలోని తాలూకా, జిల్లాలను అలాగే ఉంచి, నేటి జిల్లాను చదరపు బ్రాకెట్లో చేర్చండి.

పోలికల శాతం గురించి

మీ వ్యాసంలోని పాఠం ఇతరుల రచనలతో ఎంత కలుస్తుందో యంత్రం చూపే లెక్కే పోలికల శాతం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యుజిసి) 2018లో చేసిన నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి, 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది పాటు సమర్పించడానికి వీలుండదు, 60 దాటితే నమోదే రద్దవుతుంది. సరిగా పేర్కొన్న ఉల్లేఖనాలను, గ్రంథసూచిని, విషయసూచికను, కృతజ్ఞతలను ఈ లెక్కలో వేయరు. అయితే తెలుగు పుస్తకాల్లో అధికభాగం యూనికోడ్ పాఠంగా ఎక్కడా లేవు. ‘అను’ అనే, యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేసిన పాఠం యంత్రానికి అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగానే కనబడుతుంది. కాబట్టి 4 శాతం అని వచ్చిన నివేదిక మీ వ్యాసం శుభ్రంగా ఉందనడానికి రుజువు కాదు. ఆ రంగంలో చదువుకున్న పరీక్షకుడు పేరా చూసి ఎవరి వాక్యమో చెప్పగలడు.

సొంత మాటల్లో చెప్పినా ఆలోచన మరొకరిదైతే సూచిక ఇవ్వాల్సిందే. పేరా చివర ఒక్క సూచిక పడేస్తే అందులో ఏ వాక్యం వారిది, ఏది మీదన్నది తెలియదు. “పింగళి అభిప్రాయంలో” అని మొదట్లోనే చెప్పి, వారి మాట ముగిసినచోట సూచిక పెట్టి, ఆ తర్వాత మీ మాట మొదలుపెట్టండి. నన్నయ రాజరాజనరేంద్రుని ఆస్థానకవి అనడానికి మాత్రం ఆకరం అక్కరలేదు. అందరికీ తెలిసినదానికి సూచిక పెడితే, అవసరమైన సూచికలు ఆ గుంపులో కనబడకుండా పోతాయి.

గ్రంథసూచి

అకారాది క్రమంలో పేర్చేటప్పుడు కంప్యూటరు చేసిన వరుసను ఒకసారి కంటితో చూడండి. సున్నా ఉన్న పేర్లు, ‘ఱ’తో మొదలయ్యేవి, ‘క్ష’ ఉన్నవి ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోచోట పెడుతుంది. మీరు ఏ నిఘంటువు క్రమాన్ని అనుసరిస్తే దాన్నే అంతటా పాటించాలి. ప్రాథమిక ఆకరాలు, విమర్శ గ్రంథాలు, పత్రికలు, అముద్రిత సిద్ధాంత వ్యాసాలు, ఇంగ్లిషు గ్రంథాలు అని విడగొట్టడం మన శాఖల్లో ఆనవాయితీ. పెద్ద సిద్ధాంత వ్యాసానికి అది బాగుంటుంది, పత్రికా వ్యాసానికి ఒకే జాబితా చాలు. ఇంగ్లిషులో గ్రంథనామానికి వాలు అక్షరాలు వాడతారు. తెలుగు అక్షరాలను వాల్చితే గుణింతాలు చెదిరి చదవడం కష్టమవుతుంది. గ్రంథనామాన్ని మందమైన అక్షరాల్లో, వ్యాసశీర్షికను ఒంటి ఉల్లేఖన చిహ్నాల్లో ఇవ్వడం చూపుకూ బాగుంటుంది, తేడా కూడా తెలుస్తుంది.

సమర్పణకు ముందు వ్యాసాన్ని కాగితం మీద అచ్చుతీసి, మొదటి అధ్యాయం నుంచి ప్రతి సూచికను గ్రంథసూచిలో వెతికి పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. చివరికి గుర్తు పడకుండా మిగిలిపోయిన పద్దులు వ్యాసంలో ఎక్కడా వాడనివి, వాటిని కొట్టివేయండి. సూచికలో ఉండి జాబితాలో లేనివాటిని చేర్చండి. ఉల్లేఖనాల్లో ప్రతి అధ్యాయం నుంచి కొన్నింటిని ఎంచి, పుస్తకాన్ని మళ్లీ తెరిచి పోల్చండి. ఏ అధ్యాయంలోనైనా రెండు తప్పులు దొరికితే ఆ అధ్యాయంలోని ఉల్లేఖనాలన్నిటినీ సరిచూడాలి.